బొమ్మల యుద్ధంలో ఎవరికి ఎవరు కనిపిస్తారు: చూపు గీత తేల్చుకునే పద్ధతి

మారతహళ్లిలో మేముండే ఫ్లాట్‌లో ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద ప్లైవుడ్ పలక పరిచి మినియేచర్ ఆటలు, అంటే చిన్న బొమ్మ సైనికులతో చేసే యుద్ధాలు, ఆడతాం. నలుగురైదుగురం, అందరం అనంతపురం, కడప వైపు నుంచి ఉద్యోగాలకని బెంగళూరు వచ్చినవాళ్లమే. ఒక ఆదివారం ఆట మూడో రౌండ్‌లో ఆగిపోయింది. నా కెప్టెన్ బొమ్మ ఒక ఇనుప కంటైనర్ వెనక నిలబడి ఉంది. కత్తి పైకెత్తి పట్టుకున్న బొమ్మ అది. "అన్నా, నీ కెప్టెన్ కనిపిస్తున్నాడు, కాలుస్తున్నా" అన్నాడు హిందూపురం తమ్ముడు. "కంటైనర్ వెనకున్నవాడు ఎలా కనిపిస్తాడు?" అన్నాను. వంగి చూస్తే కంటైనర్ అంచు పైన కత్తి మొన, బియ్యపు గింజంత. ముప్పావుగంట వాదించుకున్నాం. టీ చల్లారిపోయింది, ఆట మాత్రం ముగియలేదు. బల్లని ఫోటో తీసి పెట్టుకుని లేచాం.

ఆ రోజు ఇద్దరిలో ఎవరూ తొండి చేయలేదు. అంతకుముందు ఏడాదంతా నేను ఇన్ఫినిటీ అనే ఆట ఆడాను. అందులో పైకెత్తిన కత్తి లెక్కలోకి రాదు. తమ్ముడు మొదటి నుంచీ వార్‌హ్యామర్ 40,000 అనే ఇంకో ఆట ఆడేవాడు. అందులో వస్తుంది. ఒకే బల్ల దగ్గర నిలబడి ఇద్దరం రెండు వేరే ప్రశ్నలకు జవాబు చెబుతున్నాం. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. చూపు గీత, అంటే మనం రోజూ లైన్ ఆఫ్ సైట్ అనేది, కాల్చేటప్పుడు తేల్చుకోవాల్సిన గొడవ కాదు. ఆట మొదలయ్యే ముందు కొంత, బొమ్మ కదిపేటప్పుడు కొంత మాట్లాడుకుంటే కాల్చే వేళకి అది తేలిపోయి ఉంటుంది.

ముందు మీ ఆట ఏం అడుగుతోందో చూడండి

రూల్ పుస్తకం తెరిచి మూడు విషయాలు వెతకండి. చూపు ఎక్కడి నుంచి బయల్దేరాలి? ఎదుటి బొమ్మలో ఎక్కడ తగలాలి? మధ్యలో ఏది అడ్డు, ఏది ఉత్త చాటు? ఈ చివరి తేడా ముఖ్యం. అడ్డు ఉంటే కాల్చడానికే లేదు. చాటు ఉంటే కాల్చొచ్చు, కానీ ఎదుటివాడికి కొంత రక్షణ దొరుకుతుంది. చాలా తగవుల్లో ఒకరు అడ్డు గురించి, ఇంకొకరు చాటు గురించి మాట్లాడుతుంటారు.

మొదటి రకం ఆటల్లో కంటికి కనిపించిందే చట్టం. బల్ల ఎత్తుకి వంగి, బొమ్మ వెనక నుంచి చూసి చెప్పాలి. 2023లో వచ్చిన వార్‌హ్యామర్ 40,000 10వ ఎడిషన్‌లో, చూసే బొమ్మలో ఏ భాగం నుంచైనా సరే, ఎదుటి బొమ్మలో ఏ భాగం కనిపించినా ఆ బొమ్మ కనిపించినట్టే. కత్తి మొన చాలు. చూసే బొమ్మ గుంపులోనే ఉన్న తోటి బొమ్మలు దాని చూపుకి అడ్డం కావు. మీకు బస్ స్టాప్ అనుభవం ఉంటే ఇది వెంటనే అర్థమవుతుంది. మెట్రో పిల్లర్ వెనక నిలబడితే వచ్చే బస్సు కనపడదు, ఒక భుజం పక్కకి వంచితే నంబరు బోర్డు కనిపిస్తుంది. ఏ భాగం నుంచైనా అంటే, ఆ వంగే అవకాశం రూలే మీకు ఇచ్చేస్తోందని.

ఆ ఎడిషన్‌లోనే శిథిలాలకి వేరే రూల్ ఉంది. శిథిలం మీదుగా, శిథిలం గుండా అవతలికి చూడటానికి లేదు, గోడకి ఎంత పెద్ద బొక్క ఉన్నా సరే. లోపల ఉన్నవాళ్లని మాత్రం మామూలుగా చూడొచ్చు. లోపలి నుంచి బయటికి మామూలుగా చూడాలంటే బొమ్మ పూర్తిగా లోపలే ఉండాలి. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. ట్యాంకు ముందు భాగం శిథిలంలోకి దూరి వెనక భాగం బయట ఉంటే, అవతలి పక్కనున్న శత్రువుకి ఆ ట్యాంకు కనిపించొచ్చు, ట్యాంకుకి మాత్రం శిథిలం గుండా అతను కనిపించడు. విమానాల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి, అవి ఆ బొమ్మ కార్డు మీద చూసుకోండి. అడవి అయితే అడ్డు కాదు, చాటు. అడవి గుండా చూస్తే ఏ బొమ్మా పూర్తిగా కనిపించినట్టు కాదు. చాటు దొరికితే ఆర్మర్ సేవ్‌కి, అంటే కవచం కాపాడిందో లేదో తేల్చే పాచికకి, 1 కలుస్తుంది. సేవ్ 3+ (3 గానీ పైన గానీ పడితే బతికినట్టు) గానీ అంతకన్నా మెరుగ్గా గానీ ఉన్న బొమ్మకి, కవచాన్ని తగ్గించే శక్తి లేని మామూలు తూటా తగిలితే ఆ 1 కలవదు.

కిల్ టీమ్ ఇదే ప్రపంచంలోని చిన్న ఆట, కానీ గీత వేరు. చూసేవాడి తల నుంచి ఎదుటి బొమ్మలో ఏ భాగానికైనా 1 మి.మీ. గీత అడ్డం లేకుండా పోవాలి. బేస్, అంటే బొమ్మ కింద ఉండే బిళ్ల, లెక్కలోకి రాదు. తల నుంచి మొదలై ఒంట్లో ఎక్కడైనా ముగుస్తుంది కాబట్టి ఈ చూపు రెండు వైపులా ఒకటి కాదు. నీ తలకి నా మోకాలు కనిపించొచ్చు, నా తలకి నువ్వు అసలు కనిపించకపోవచ్చు. "నువ్వు నన్ను చూస్తే నేనూ నిన్ను చూస్తాను" అనే మాట కొత్తవాళ్లు తరచూ అంటారు. ఈ ఆటలో ఆ మాట చెల్లదు. ప్రతిసారీ రెండు వైపుల నుంచీ విడిగా చూడాల్సిందే.

రెండో రకం ఆటల్లో బొమ్మ ఏ భంగిమలో ఉన్నా ఒక కనపడని స్తంభంలో ఉన్నట్టు లెక్క. ఇన్ఫినిటీ అలాంటిది. బేస్ వెడల్పు, దానికి ఇచ్చిన ఎత్తు, అంతే. మోకాలి మీద కూర్చున్న బొమ్మా, గంతు వేస్తున్న బొమ్మా ఒకే కొలత. ఆ స్తంభంలో కనీసం 3 మి.మీ. చదరమంత కనిపించాలి. పైగా మామూలు సైనికుడికి ముందు వైపు 180 డిగ్రీలే కనిపిస్తాయి కాబట్టి బేస్ మీద ముందు వైపు గుర్తు పెట్టుకోవాలి. నాకు ఈ రకమే ఎక్కువ ఇష్టం. బొమ్మని ఎంత అందంగా, ఎంత ఎత్తుగా మలుచుకున్నా శిక్ష పడదు.

మూడో రకం మ్యాపు చూసినట్టు పై నుంచి చూసేది. మాలిఫో అనే ఆటలో ఒక బేస్ అంచు నుంచి ఇంకో బేస్ అంచుకి గీత గీస్తారు. బొమ్మలకీ గోడలకీ అంకెల్లో ఎత్తు ఉంటుంది, ఆ అంకెలు పోల్చి అడ్డమో కాదో చెబుతారు. వంగే పనే లేదు. గళ్ల ఆటలు ఇంకా తేలిక. బ్యాటిల్‌టెక్‌లో ఆరు మూలల గడి మధ్య నుంచి ఇంకో గడి మధ్యకి గీత. దారిలో పలచని అడవి గడికి 1, దట్టమైన దానికి 2, మొత్తం 3 అయితే చూపు ఆగిపోతుంది. గీత సరిగ్గా రెండు గళ్ల అంచు మీదుగా పోతే ఏ గడి లెక్కించాలో దెబ్బ కాచుకునేవాడు ఎంచుకుంటాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్‌లో గళ్ల మీద ఆడేటప్పుడు, మీ గడిలో ఒక మూల ఎంచుకుని ఎదుటి గడి నాలుగు మూలలకీ గీతలు గీస్తారు. ఒకటో రెండో ఆగితే కాచుకునేవాడి రక్షణ అంకెకి +2, మూడో నాలుగో ఆగి ఇంకా తగిలే వీలుంటే +5.

మీ ఆట ఏ రకమో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసి బల్ల అంచున అంటించండి. మేం ఆ గొడవ తర్వాత రాసుకున్నది ఇది: "ఏ భాగం నుంచైనా, ఏ భాగమైనా."

ఆట ముందు ఐదు నిమిషాలు

టెరైన్, అంటే బల్ల మీది ఇళ్లు, గోడలు, చెట్లు, అంతా పేర్చాక, పాచికలు ముట్టుకోకముందు, ఇద్దరూ కలిసి బల్ల చుట్టూ ఒక్కసారి నడవండి. ప్రతి ముక్క మీద వేలు పెట్టి అది ఏమిటో పైకి చెప్పండి. "ఇది శిథిలం. ఈ కార్డుబోర్డు అంచు దాకా శిథిలమే. కింది అంతస్తు కిటికీలు మూసినట్టే, పై అంతస్తువి తెరిచినట్టు." "ఈ మూడు చెట్లూ కలిపి ఒక అడవి, చెట్లు పక్కకి జరపొచ్చు, పచ్చ గుడ్డ అంచే హద్దు." కింది కిటికీలు మూసినట్టు లెక్కేయడం చాలాచోట్ల ఆటగాళ్లు పెట్టుకునే ఒప్పందం. లేకపోతే లేజర్‌తో కోసిన ఎండీఎఫ్ చెక్క ఇళ్లలో కిటికీ కన్నాల గుండా గీతలు దూరి బల్ల మీద దాక్కునే చోటే మిగలదు.

ఇంట్లో చేసుకున్న టెరైన్‌కి ఈ మాట ఇంకా అవసరం. మేం ఫ్రిజ్ ప్యాకింగ్ థర్మకోల్‌తో ఇళ్లు కట్టాం, కొబ్బరి పీచుతో పొదలు చేశాం. కొన్న ముక్కకి పుస్తకంలో పేరుంటుంది. కొబ్బరి పీచు పొదకి మీరే పేరు పెట్టాలి. మనిషి ఎత్తు పొదా? మోకాలి ఎత్తు పొదా? అడ్డమా, చాటా?

ఇంకో పని, ముక్కలు కదలకుండా చేయండి. ఇంటి మూలల కింద బ్లూ ట్యాక్ (మళ్లీ ఊడదీయగల జిగురు ముద్ద) చిన్న ఉండ పెడితే చాలు. సగం వేలు జరిగిన గోడ రెండు రౌండ్ల తర్వాత ఒక సైనికుడి ప్రాణం తీస్తుంది, అది జరిగిందని ఎవరూ గమనించరు కూడా.

వంగి చూడటం

కంటితో తేల్చే ఆటల్లో అసలు పని ఇదే. సరిగ్గా చేసేవాళ్లు తక్కువ.

బొమ్మ వెనక్కి వెళ్లండి. గడ్డం బల్లకి ఆనేంత కిందికి దిగండి. ఒక కన్ను మూయండి. ఒక కన్ను మూయకపోతే చూసిందంతా తప్పు. మన రెండు కళ్ల మధ్య దూరం దాదాపు 6 సెం.మీ. బొమ్మ ఎత్తే 28 మి.మీ., అంటే 3 సెం.మీ.లోపు. బొమ్మని నిజమైన మనిషంత పెంచి ఊహించుకుంటే, రెండు కళ్లూ తెరిచి చూసే మీరు కళ్ల మధ్య దాదాపు నాలుగు మీటర్ల దూరమున్న రాక్షసుడు. గోడకి ఎడమ నుంచి ఒక కంటితో, కుడి నుంచి ఇంకో కంటితో చూస్తూ "కనిపిస్తున్నాడు" అంటారు. గోళీలాడేటప్పుడు గురి చూడటానికి ఒక కన్ను మూసేవాళ్లం, గుర్తుందా? అదే అలవాటు ఇక్కడా కావాలి.

తర్వాత కన్నుని కొద్దిగా ఎడమకీ కుడికీ జరపండి. ఏ భాగం నుంచైనా చూడొచ్చన్న ఆటలో, బొమ్మ వెడల్పంత వరకూ జరిగి చూడటం మీ హక్కు. తల నుంచే చూడాలన్న ఆటలో ఆ హక్కు లేదు. బొమ్మ తల పక్కనే కన్ను పెట్టాలి. బొమ్మ పైన నాలుగు వేళ్ల ఎత్తులో నుంచి చూసి "కనిపించాడు" అనడం మేం అందరం చేసిన తప్పు. ఆ నాలుగు వేళ్లు ఈ లోకంలో రెండంతస్తుల మేడ.

ఎదుటివాడినీ పిలవండి. మీరు చూశాక లేచి, "నువ్వూ చూడు తమ్ముడూ, నాకు ఎడమ భుజం కనిపిస్తోంది" అని ఏం కనిపించిందో పేరు పెట్టి చెప్పండి. "కనిపిస్తున్నాడు" అంటే వాదన మొదలవుతుంది. "ఎడమ భుజం" అంటే అతను వంగి ఎడమ భుజం వెతుకుతాడు. అది ఉంటుంది, లేదా ఉండదు.

వంగడం అందరికీ కుదరదు. నడుం నొప్పి ఉన్నవాళ్లు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు, పెద్ద బల్ల మధ్యలో ఉన్న బొమ్మ దగ్గరికి చేరలేనివాళ్లు ఉంటారు. 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉన్న బల్లకి మూల నుంచి మూలకి 74 అంగుళాలు, ఆరడుగుల పైమాటే. అక్కడ పనిముట్లు కావాలి.

దారం, ఫోన్, లేజర్

నేను అన్నిటికన్నా దారాన్నే నమ్ముతాను. తాపీమేస్త్రీ గోడ కట్టే ముందు రెండు కొసలా మేకులు కొట్టి దారం లాగి కడతాడు చూడండి, అదే. పూలు కట్టే తెల్ల నూలు దారం తీసుకోండి. కె.ఆర్. మార్కెట్‌లో పూల దుకాణాల దగ్గర ఉండలుగా దొరుకుతుంది. కుట్టు దారం మరీ సన్నం, కిటికీ సందుల్లోంచి కూడా దూరిపోయి లేని చూపు చూపిస్తుంది. ఒక కొస మీరు మీ బొమ్మ తల దగ్గర పట్టుకోండి, రెండో కొస ఎదుటివాడు తన బొమ్మ మీద ఎక్కడ తగలొచ్చో అక్కడ పట్టుకోవాలి. బిగించండి. దారం మధ్యలో ఎక్కడైనా వంగిందా, దేనికైనా ఆనిందా చూడండి. అనుమానమైతే అక్కడ వేలితో సుతారంగా మీటండి. గాలిలో ఉంటే కంపిస్తుంది, గోడకి ఆనితే చప్పున ఆగిపోతుంది. కళ్లకి అందని తేడాని ఆ కంపనం చెబుతుంది. రెండు కొసలూ ఇద్దరి చేతుల్లో ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. తేలిన జవాబు ఇద్దరిదీ అవుతుంది.

ఫోన్ కెమెరా రెండో సాధనం. మామూలుగా పట్టుకుంటే లెన్స్ ఫోన్ పై అంచున ఉంటుంది, అంటే బొమ్మ తల కన్నా ఎంతో పైన. ఫోన్‌ని తలకిందులు చేసి పట్టుకోండి, లెన్స్ బల్లకి దగ్గరగా వస్తుంది. బొమ్మ బేస్ చుట్టూ పెన్సిల్‌తో గీసి గానీ, రెండు చిన్న పాచికలు ఆనించి గానీ చోటు గుర్తు పెట్టి, బొమ్మని తీసి అక్కడ లెన్స్ ఉంచండి. ఇంకో సంగతి, ఫోన్‌లో రెండు మూడు లెన్స్‌లు ఉంటే జూమ్ మార్చినప్పుడు చూసే లెన్స్ కూడా మారిపోతుంది, చూపు సెంటీమీటర్ దాకా పక్కకి జరుగుతుంది. ఇంత చిన్న లోకంలో సెంటీమీటర్ చాలా ఎక్కువ. అందుకే జూమ్ చేయొద్దు. ఫోటో తీశాక వేళ్లతో పెద్దది చేసి చూడండి.

గోడల మీద టైల్స్ వేసేవాళ్లు వాడే నిలువు గీత లేజర్ పై నుంచి చూసే ఆటలకి బాగా పనికొస్తుంది. ఒక బేస్ వెనక పెట్టి ఇంకో బేస్ మీదికి తిప్పితే ఆ గీత దారిలో ఏయే ముక్కలని తాకుతుందో బల్ల మీదే ఎర్రగా కనిపిస్తుంది. ఎవరి కంట్లోనూ పడకుండా ముందు కిందికి తిప్పి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఎదురుగా ఎవరూ బల్ల ఎత్తుకి వంగి ఉండకూడదు. పిల్లలున్న ఇంట్లో నేనైతే లేజర్ బయటికే తీయను, దారంతోనే పని కానిస్తాను.

స్తంభాల లెక్క ఉన్న ఆటలకి పాత శుభలేఖలు దాచుకోండి. ఆ మందం అట్టే సరిపోతుంది. బేస్ 25 మి.మీ. అయితే చుట్టుకొలత 78.5 మి.మీ., 32 అయితే 100.5, 40 అయితే 125.7. అంత పొడవుకి జిగురు కోసం ఒక సెంటీమీటర్ కలిపి పట్టీ కత్తిరించి, ఎత్తు మీ పుస్తకంలో ఉన్నట్టు పెట్టి గొట్టంలా అంటించండి. అనుమానం వచ్చినప్పుడు బొమ్మని తీసి ఆ గొట్టం నిలబెట్టి చూస్తే పని అయిపోతుంది. రెక్కలు, జెండా, కత్తి ఏదీ అడ్డురాదు.

ఎత్తు మీద నుంచి చూసేటప్పుడు

మేడ మీద స్నైపర్‌ని పెట్టి "వీడికి బల్లంతా కనిపిస్తుంది" అనుకోవడం అందరం చేసే పని. కంటితో తేల్చే ఆటల్లో ఇది చాలాసార్లు నిజం కాదు. కాస్త లెక్క చేద్దాం, బడిలో చదివిన సరూప త్రిభుజాలే.

స్నైపర్ 6 అంగుళాల మేడ మీద ఉన్నాడు. కళ్లు ఇంకో అంగుళం పైన, అంటే 7. కింద, అతనికి 12 అంగుళాల దూరంలో 2 అంగుళాల గోడ. గోడ వెనక అంగుళం ఎత్తు సైనికుడు. చూపు 12 అంగుళాలు పోయేసరికి 7 నుంచి 2కి, అంటే 5 దిగింది. గోడ దాటాక కూడా అదే వాలులో దిగుతుంది. ఇంకో అంగుళం దిగి సైనికుడి తల ఎత్తుకి రావడానికి 12ని 5తో భాగించినంత, అంటే 2.4 అంగుళాలు పడుతుంది. కాబట్టి గోడకి 2.4 అంగుళాల లోపు నిలబడ్డవాడు పూర్తిగా క్షేమం. 4.8 అంగుళాలు దాటితే పాదాలతో సహా కనిపిస్తాడు. ఆ మధ్యలో ఉంటే కొంత కనిపిస్తాడు, చాటు దొరుకుతుంది.

గుర్తు పెట్టుకోవడానికి: గోడ ఎత్తులోంచి సైనికుడి ఎత్తు తీసేయండి, దాన్ని గోడ దాకా ఉన్న దూరంతో గుణించండి, కంటి ఎత్తులోంచి గోడ ఎత్తు తీసేస్తే వచ్చిన దాంతో భాగించండి. గోడ కంటి కన్నా పొడుగైతే ఈ లెక్క అక్కర్లేదు, గోడ వెనక దాని కన్నా పొట్టివాడెవడూ కనపడడు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది పిట్టగోడ. అదే మేడకి అర అంగుళం పిట్టగోడ ఉందనుకోండి. స్నైపర్ దానికి 3 అంగుళాలు వెనక నిలబడ్డాడు. 3 అంగుళాలకి చూపు అర అంగుళమే దిగుతుంది. పిట్టగోడ పై అంచు నేల నుంచి ఆరున్నర అంగుళాలు. అక్కడి నుంచి అంగుళం ఎత్తు దాకా దిగడానికి 33 అంగుళాలు కావాలి. అంటే మేడకి 33 అంగుళాల లోపు నేల మీద నిలబడ్డవాడెవడూ ఆ స్నైపర్ కళ్లకి ఆనడు! సగం బల్ల అతనికి గుడ్డిదే. అతన్నే 32 మి.మీ. బేస్ పిట్టగోడకి ఆనేలా ముందుకి జరిపితే, కనపడని ఆ మేర దాదాపు ఏడు అంగుళాలకి తగ్గిపోతుంది. కాబట్టి మేడ ఎక్కించడంతో పని అయిపోదు, అంచుకి తీసుకురండి. అంచుకి వస్తే అతనూ అందరికీ కనిపిస్తాడు, ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

కదిపేటప్పుడే చెప్పండి

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. బొమ్మని ఎక్కడ పెడుతున్నారో కాదు, ఎందుకు పెడుతున్నారో నోరు తెరిచి చెప్పండి.

ఉదాహరణకి నా వంతులో నేను ఇలా అంటాను: "తమ్ముడూ, వీడిని ఈ ఇంటి మూల దాటకుండా పెడుతున్నా. ఆ మేడ మీదున్న నీ స్నైపర్‌కి వీడు కనపడకూడదు. ఆ కింది వీధిలో ఉన్నవాళ్లకి కనిపిస్తే కనిపించనీ. సరేనా?" అతను తన స్నైపర్ దగ్గర వంగి, "అరంగుళం లోపలికి జరుపు అన్నా, భుజం కనిపిస్తోంది" అంటాడు. నేను జరుపుతాను. ఇద్దరం ఒప్పుకున్నాం. అతని వంతు వచ్చేసరికి ఏ చెయ్యో తగిలి బొమ్మ మిల్లీమీటర్ జరిగి భుజం బయటపడినా, అతను కాల్చడు. ముందే ఒప్పుకున్నాం కదా.

శత్రువుకి ఎందుకు సాయం చేయాలి అని కొత్తవాళ్లు అడుగుతారు. ఇది సాయం కాదు. మన వేళ్లు లావు, బొమ్మలు చిన్నవి, బల్ల కదులుతుంది. వేలు వణికినందుకు సైనికుడు చచ్చిపోతే అందులో ఎవరి తెలివీ లేదు. ఎత్తుగడ బాగుండి గెలవాలి. నేను ఎంత గట్టిగా గెలవాలనుకున్న రోజైనా ఎదుటివాడి బొమ్మ కొంచెం బయటికి ఉంటే వెంటనే చెబుతాను, అతను దాచాలనుకున్నాడని తెలిస్తే.

ఒక హద్దు మాత్రం ఉంది. ఉద్దేశం చెప్పినంత మాత్రాన జరగనిది జరగదు. "ఎవరికీ కనపడకుండా పెడుతున్నా, కానీ నేను అందరినీ చూస్తా" అంటే కుదరదు. చెప్పినట్టు నిలబడే చోటు ఆ బల్ల మీద నిజంగా ఉండాలి. ఉందో లేదో అప్పుడే, కదిపేటప్పుడే, ఇద్దరూ చూసుకోవాలి. కాల్చేవాళ్లకీ ఇదే. బొమ్మని కదిపే ముందు "ఇక్కడికి వస్తే నీ మెషిన్‌గన్‌వాడు కనిపిస్తాడా?" అని అడిగి, చూసి, అప్పుడు కదపండి. కదిపాక కనపడలేదని తెలిస్తే వెనక్కి తీసుకోవడం మొదలవుతుంది, మళ్లీ టెన్షన్.

ఏటవాలు టెరైన్ మీద బొమ్మ నిలవకపోతే నిలిచే చోట పెట్టి, అసలు చోట చిన్న పాచిక ఉంచి "వీడు ఇక్కడున్నట్టు" అని చెప్పండి. చూపు ఆ పాచిక దగ్గర నుంచే కొలవాలి.

ఎంత చూసినా తేలకపోతే

వంగి చూశారు, దారం లాగారు, అయినా ఒకరికి కనిపించింది, ఒకరికి లేదు. రెండు నిమిషాలకి మించి గడపొద్దు. ఆట ముందే ఒక పద్ధతి అనుకుని ఉండండి. పాచిక వేసి 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కనిపించినట్టు అనేది చాలామంది వాడేది. మేం ఇంకోటి పాటిస్తాం. తేలనంత సన్నగా ఉన్న చూపుకి కాల్చనిస్తాం, చాటు కూడా ఇస్తాం. ఇద్దరికీ సగం సగం. ఏది చేసినా ఆ సందర్భాన్ని కాగితం మీద రాసుకుని ఆట అయ్యాక పుస్తకం తీయండి. ఆట మధ్యలో పుస్తకం తీస్తే ఇద్దరూ తమకి కావాల్సిన వాక్యమే చదువుతారు. పోటీల్లో అయితే జడ్జిని పిలవండి. వచ్చేదాకా బల్ల మీద చెయ్యి వేయకండి.

తర్వాతి ఆదివారం ఫోటో చూసుకుని బల్ల మళ్లీ అలాగే పేర్చాం. కంటైనర్, దాని వెనక కెప్టెన్, అవతల తమ్ముడి గన్నర్లు. ఈసారి పూల దారం తెచ్చాను. ఒక కొస అతని గన్నర్ భుజం దగ్గర, ఇంకో కొస నా కెప్టెన్ కత్తి మొన మీద. బిగించి మధ్యలో మీటాను. కంపించింది. "కనిపిస్తున్నాడు తమ్ముడూ, కాల్చు" అన్నాను. ఆరు పాచికలు తీసుకున్నాడు.